డిష్ డైరీ: ఆరు కంప్లైంట్లు, రెండున్నర విజిట్లు, ఒక 10 నంబర్ స్పానర్

ముందుగాల ఒక మాట. నేను టీవీ మెకానిక్‌ను కాదు, హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల జీఎస్టీ రిటర్నులు కొట్టుకుంట బతికేటోన్ని. శుక్రవారం రాత్రి ఎల్బీనగర్‌ల బస్సెక్కితే నార్కట్‌పల్లి కాడ హైవే వదిలి నల్లగొండ చేరేసరికి పది దాటుతది, మల్ల సోమవారం పొద్దుగాల వాపస్. పానగల్ దిక్కు మా ఇంట్ల అమ్మ, నాయిన ఇద్దరే ఉంటరు. గోడకు గడియారం ఉన్నా వాళ్లు టైం చూసేది టీవీ తోటే, సీరియల్ అయిపోతే అన్నం, వార్తలు అయిపోతే పండుడు. అసొంటి టీవీ జులైల పదిహేడు రోజులు సక్కగ రాలే. అప్పుడు ఫోన్ల రాసుకున్న నోట్స్ ఇవి, జర సాపు చేసి పెడుతున్న. కంపెనీ పేరు రాస్తలేను, ఏ కంపెనీ పెట్టుకున్నోళ్లను అడిగినా ఇదే కథ చెప్తున్నరు కాబట్టి పేరుతోటి పెద్ద ఫరక్ పడదు.

మొదటి శనివారం

ఇంటికి పోంగనే అమ్మ కంప్లైంట్. "మనుషుల మొఖాలు ముక్కలు ముక్కలైతున్నయిరా, మాట ఆడాడ మింగుతున్నది, జర మొగులు పట్టిందంటే నీలం రంగొచ్చి నిలవడుతది." నేను రాకముందే రెండుసార్లు కస్టమర్ కేర్‌కు చేసిందట. ఆ సంభాషణ అమ్మ యాక్షన్ చేసి చూపిస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాలే. ఆ పిల్ల ఏమో పుస్తకం చదివినట్టు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, దయచేసి మీ సెట్ టాప్ బాక్స్ వెనుక భాగంలో ఉన్న పవర్ స్విచ్‌ను ముప్పై సెకన్లు నిలిపివేయండి" అంటది, అమ్మ ఏమో "నిలిపేసిన బిడ్డా, పొద్దుగాలకెళ్లి నిలిపేసుకుంటనే ఉన్న" అంటది. కార్డు తీసి మెత్త బట్టతోటి తుడువుమన్నరట, తుడిచింది. ఇంకోసారి చేస్తే ఇంకో పిల్ల, మల్ల మొదటికెళ్లి స్విచ్చు, కార్డు, బట్ట. మొదటి పిల్లకు ఏం చెప్పిందో రెండో పిల్ల స్క్రీన్ మీద కనవడదేమో మరి, లేకపోతే కనవడ్డా ఆ కాగితం మీద ఉన్న వరుస మొత్తం చదవకుండ ముందుకు పోనియ్యరేమో.

నేను మూడోసారి చేసిన. ఐవీఆర్‌ల తెలుగు కోసం ఒకటి, సాంకేతిక సమస్య కోసం మూడు, అన్నీ ఒత్తినంక పన్నెండు నిమిషాలు పాట. విజిట్ బుక్ చేసిన్రు, 250 విజిట్ చార్జి అన్నరు, అట్లనే ఏడాదికి మెయింటెనెన్స్ ప్లాన్ తీసుకుంటే విజిట్ ఫ్రీ అని దాన్ని ఒకటి అమ్మబోయిన్రు. టీవీ రాదని చేసినోనికి ఇంకో ప్లాన్ అమ్మే ధైర్యం ఎట్లొస్తదో.

ఆదివారం (ఒకటో విజిట్)

పిల్లగాడు వచ్చిండు, ఇరవై రెండేండ్లు ఉంటయేమో, బైక్ మీద వైరు చుట్టలు. స్లాబ్ ఎక్కి డిష్‌ను రెండు చేతులతోటి పట్టుకుని జర అటు, జర ఇటు తిప్పిండు, కిందికెళ్లి నేను "వచ్చింది" అని అరిచిన, దిగిండు, 250 తీసుకుండు, పోయిండు. మొత్తం తొమ్మిది నిమిషాలు. బొమ్మ అద్దం లెక్క ఉన్నది. అమ్మ చాయ్ పెట్టేలోపే పోయిండు.

అతను సంచిల నుంచి స్పానర్ బయటికి తీసుడు నేను చూడలే. అప్పుడు నాకు అది పట్టింపు కాలే, తర్వాత కథ మొత్తం దాని మీదనే నడిచింది.

వారం మధ్యల

బుధవారం ఫోన్, మల్ల పోయిందట. కంప్లైంట్ నంబర్ నాలుగు. ఈసారి ఏమైందంటే టెక్నీషియన్ అమ్మకు ఫోన్ చేసి "ఆంటీ గల్లీలనే ఉన్న, మీకు ఒక ఓటీపీ వచ్చి ఉంటది చెప్పండి, ఎంట్రీ చేసుకుని పైకెక్కుత" అన్నడు, అమ్మ పాపం చెప్పింది. బైక్ సప్పుడు గేటు దాంక వచ్చింది, పోయింది. పది నిమిషాలకు మెసేజ్, "మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది". ఆ ఓటీపీ పని మొదలువెట్టనీకి కాదు, పని అయిపోయిందని కస్టమర్ ఒప్పుకున్నట్టు. ఇంట్ల పెద్దోళ్లు ఉన్నోళ్లు ఇది ముందే చెప్పి పెట్టుండ్రి, టీవీల బొమ్మ చూసినంకనే నంబర్ చెప్పాలె. దీన్నే నేను అర విజిట్ కింద లెక్కేసిన.

గురువారం నేను ఆఫీసుల కెళ్లి చేసి "క్లోజ్ అయిన కంప్లైంట్ మల్ల తెరవండి" అంటే "సర్, పరిష్కరించబడిన అభ్యర్థనను తిరిగి తెరవడం కుదరదు, కొత్త అభ్యర్థన నమోదు చేస్తాను" అన్నది. అంటే వాళ్ల లెక్కల మా ఇంట్ల ఒకటే రోగం అయిదు సార్లు వచ్చి అయిదు సార్లు నయమైనట్టు ఉంటది.

రెండో శనివారం, ఇది డిష్ సంగతి కాదు గాని రాయాలె

నాయినకు ఓపిక సచ్చిపోయి ఫోన్ల కంపెనీ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబర్ వెతికిండు, పైన కనవడ్డ నంబర్‌కు చేసిండు. ఒక్క రింగుకే ఎత్తిన్రు. అసలు డౌటు అక్కడనే రావాలె, ఒరిజినల్ వాళ్లు ఒక్క రింగుకు ఎత్తుతరా? మంచిగ మాట్లాడి, టీవీ రాని రోజులకు పైసలు వాపస్ ఇస్తం, ఒక యాప్ వేసుకోండి, పది రూపాయలు కట్టి వెరిఫై చేసుకోండి, ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకోండి అన్నరు. యాప్ ఏమో మన ఫోన్ స్క్రీన్ వాళ్లకు చూపించేది. నాయిన కార్డు కోసం అమ్మను అడిగితే "కార్డు నా బీరువల ఉన్నది, కొడుకొచ్చినంకనే ఇస్త" అన్నది, బతికిపోయినం. నేను పోంగనే యాప్ తీసేసి పాస్‌వర్డులు మార్చిన. పైసలు పోయినోళ్లు ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ చేయాలె, సైబర్ క్రైం నంబర్ అది. కంపెనీ నంబర్ కోసం గూగుల్‌ల వెతకకుండ బాక్స్ మీద, రీచార్జ్ మెసేజ్‌ల ఉన్నదే చూసుకోవాలె. అసలు నంబర్ పాట పెడతది, నకిలీ నంబర్ వెంటనే ఎత్తుతది, ఇగ ఏం చెప్తం.

ఆ రోజే 1915కి చేసిన, వినియోగదారుల హెల్ప్‌లైన్. టీవీ, ఫోన్ కంపెనీల మీద ఉండే సర్కారు సంస్థ ట్రాయ్‌కి రాద్దామనుకున్న గాని వాళ్లు రూల్స్ పెడతరు తప్ప ఒక్కొక్కరి కంప్లైంట్ పట్టుకోరు. 1915 ఆమె ఓపికగ విన్నది, నా దగ్గర అన్ని కంప్లైంట్ నంబర్లు, తేదీలు ఉన్నందుకు పని అల్కగ అయింది. రెండు రోజులకు కంపెనీల పెద్ద డెస్క్ కెళ్లి ఫోనొచ్చింది, గొంతు మారింది, "సీనియర్ టెక్నీషియన్‌ను పంపుతున్నాము" అన్నరు. ఇది ఆరో నంబర్.

మూడో శనివారం (రెండో విజిట్, బాక్స్ తీర్పు)

వచ్చింది మల్ల ఆ పిల్లగాడే. సీనియర్ ఎవరు తమ్మీ అంటే "నేనే అన్నా, ఈ ఏరియాల ఇంకెవరు లేరు" అన్నడు. టీవీల సిగ్నల్ పేజీ తీసిండు, స్ట్రెంత్ 80, క్వాలిటీ 9. ఒక్క చూపు చూసి "బాక్స్ పోయిందన్నా, కొత్తది 1,500, ఈరోజు ఆఫర్ల ఉన్నది" అన్నడు. నేను ఆలోచించి చెప్త అని పంపించేసిన.

ఇక్కడికెళ్లి ఇది నా ప్రాజెక్టు.

మా మేనమామ ఇల్లు రామగిరిల ఉంటది, వాళ్లది గూడ ఇదే కంపెనీ. బాక్స్, రిమోట్ సంచిల వేసుకుని బండి మీద పోయి వాళ్ల డిష్ వైరు దీనికి పెట్టి చూసినం. స్ట్రెంత్ 82, క్వాలిటీ 74, అన్ని ఛానళ్లు టకటక వస్తున్నయి. అత్తమ్మ "గిదేం రోగంరా, మా ఇంట్ల చూస్తే బాగనే ఉన్నది గద" అన్నది. 1,500 మిగిలినయి, బాక్స్ మంచిగనే ఉన్నదని తేలింది. ఇరవై నిమిషాల పని ఇది, ఆరు కంప్లైంట్లల ఒక్కరు గూడ ఈ ఉపాయం చెప్పలే.

స్ట్రెంత్, క్వాలిటీ ఫరక్ కూడా అప్పుడే అర్థమైంది. స్ట్రెంత్ అంటే వైరుల ఏదో ఒకటి వస్తున్నదని, అది ఉత్త నాయిస్ అయినా ఎక్కువ చూపిస్తది. క్వాలిటీ అంటే వచ్చేది మన శాటిలైట్‌దేనా, చదవనీకి వస్తున్నదా అని. స్ట్రెంత్ 80 ఉండి క్వాలిటీ 9 ఉన్నదంటే డిష్ మొఖం పక్కకు పోయిందన్నా కావాలె, వైరు జాయింట్ల తేడా ఉన్నదన్నా కావాలె. మాకు రెండూ ఉన్నయి.

అదే రోజు, పగలు మూడు గంటలకు

డిష్ ముంగట సిగ్నల్ పట్టి వైరులకు పంపే డబ్బీ ఉంటది, దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటరు, దాని దగ్గర వైరు కనెక్టర్ ఇప్పిన, నీళ్ల చుక్క జారి నా మణికట్టు మీద పడ్డది. నిజంగనే నీళ్లు. కనెక్టర్ లోపట తెల్ల పొడి పట్టి ఉన్నది, నడిమి రాగి తీగ కొన పచ్చగైంది, నాయినమ్మ కాలంనాటి చెంబు అడుగు లెక్క. పైన చుట్టిన నల్ల టేపు ఎండకు ఎండి చేతిల పెట్టుకుంటే పెళుసుగ ఇరుగుతున్నది. దానికి తోడు వైరు ఎల్‌ఎన్‌బీకెళ్లి నేరుగ గోడ దిక్కు గుంజి కట్టిన్రు, కింద ఒక వంపు వదిలితే నీళ్లు ఆ వంపు కాడ కారిపోతుండె, ఇట్ల గుంజితే చక్కగ కనెక్టర్‌లకే పోతయి.

ప్రకాశం బజార్‌ల ఎలక్ట్రికల్ షాపుకు పోయి డిష్ వైరు కొనకు పెట్టే ఎఫ్ కనెక్టర్లు రెండు, రెండు మీటర్ల ఆర్‌జీ-6 డిష్ వైరు, రబ్బరు లెక్క సాగి అతుక్కునే టేపు తెచ్చిన. వైరు ఒక అడుగు కోసి చూస్తే ఇంకా నల్లగనే ఉన్నది, ఇంకో అడుగు కోసిన, అప్పుడు మెరిసే రాగి కనవడ్డది. కనెక్టర్ పెట్టేటప్పుడు బయటి జాలి వెంట్రుక ఒక్కటి కూడా నడిమి తీగకు తాకొద్దు, తాకితే షార్టే. మొదటిసారి నాకు తాకింది, బాక్స్ వెంటనే ఎల్‌ఎన్‌బీ షార్ట్ అని తిట్టింది, మల్ల ఇప్పి చేసిన.

జాయింట్ అయినంక క్వాలిటీ 9 కెళ్లి 31 అయింది. బొమ్మ వచ్చింది. అమ్మ సంబరపడ్డది. సాయంత్రం ఉదయసముద్రం దిక్కు కెళ్లి మొగులు లేసి నాలుగు చినుకులు పడంగనే మల్ల నీలం రంగు.

ఇది గుర్తు పెట్టుకోవాలె. డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్ అల పొడుగు రెండున్నర సెంటీమీటర్లే, వాన దాన్ని తాగేస్తది, కుండపోతల ఎవని టీవీ అయినా పోతది. కాని నాలుగు చినుకులకే పోతున్నదంటే వాన తప్పు కాదు, డిష్ గురి తప్పి అంచు మీద వేలాడుతున్నట్టు.

ఆదివారం పొద్దుగాల, స్లాబ్ మీద

దొంగ దొరికిండు. పొద్దుగాల ఆరింటికి చాయ్ గ్లాసు పట్టుకుని మెట్లెక్కితే మా డిష్ మీద కోతి కూసోని ఉన్నది, ఆరాంగ, సింహాసనం లెక్క. పక్కింటి జామచెట్టు కెళ్లి దుంకుడు, డిష్ అంచు పట్టుకుని ఊగుడు, ట్యాంక్ మీదికి ఎక్కుడు, ఇది వాటి రోజూ తొవ్వ. నేను హుష్ అంటే పండ్లు చూపించింది. నాయిన కట్టె పట్టుకొస్తే అప్పుడు లేసింది.

డిష్ పట్టుకుని ఊపి చూసిన. మొత్తం ఊగుతున్నది. డిష్ వెనక నట్లు చేతితోటి తిరుగుతున్నయి! అంటే ఆ తమ్ముడు మొదటి రోజు చేతితోటి తిప్పి బొమ్మ తెచ్చి, నట్లు బిగించకుండ పోయిండు, మూడు రోజులకు కోతి మల్ల దాన్ని తన దిక్కు తిప్పుకున్నది. కింద పోల్ బేస్‌కు నాలుగు ఆంకర్ బోల్టులుంటే ఒకటి ఊడి చేతికొచ్చింది. దారానికి నట్టు కట్టి పోల్ పక్కన వేలాడేసి చూస్తే పోల్ కూడా నిలువుగ లేదు. పోల్ వంగితే డిష్‌ను అడ్డంగ తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారుతది, ఇగ ఎన్నడు దొరుకుతది గురి.

నేను ఒక లెక్క వేసుకున్న, పని మీద మర్యాద రావాలంటే ఇది తెలవాలె. శాటిలైట్ భూమధ్యరేఖ మీద దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుల ఉంటది. ఇక్కడ మన డిష్ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ ఆరు వందల కిలోమీటర్ల పైనే తప్పినట్టు. మా డిష్ 60 సెంటీమీటర్లది, దాని అంచు ఒక సెంటీమీటర్ జరిగిందంటే రెండు డిగ్రీలు పోయినట్టే, సగానికన్నా ఎక్కువ సిగ్నల్ పోతది. కోతి పది కిలోలు ఉంటది.

ముందు బోల్టు రంధ్రం కొత్తగ వేసి, పోల్ నిలువు చేసి బిగించిన. తర్వాత ఏర్పాటు ఏందంటే, నాయిన టీవీ ముంగట సిగ్నల్ పేజీ పెట్టుకుని వీడియో కాల్‌ల నాకు చూపియ్యాలె, నేను పైన తిప్పాలె. నాయిన ఫోన్‌ను టీవీకి పెట్టమంటే తన మొఖానికి పెడతడు. "నాయినా, నంబర్ చూపియ్యే" అంటే "నంబర్ నేను చెప్తున్న గదరా, ముప్పై" అంటడు, అప్పటికి అది ఇరవై అయి ఉంటది. బాక్స్ నంబర్ మారనీకి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటది, వీడియో కాల్ ఇంకొక సెకను. నేను ఆగకుండ తిప్పుకుంట పోయిన, నంబర్ పెరిగి కనవడేసరికి నేను ఆ చోటు దాటిపోయి ఉంటున్న. ఇట్ల నలభై నిమిషాలు కుక్కలెక్క తిరిగిన. చివరికి అమ్మ కింద కెళ్లి "జర జరిపి ఆగరా, ఉడికిందా లేదా చూసేటప్పుడు మూత మాటిమాటికి తీస్తమా" అన్నది.

అప్పటికెళ్లి పద్ధతి మార్చిన. నట్లు సగం టైట్, మార్కర్ తోటి పోల్ మీద గీత, ఆ గీత కెళ్లి రెండు మిల్లీమీటర్లు జరుపుడు, ఐదు లెక్కపెట్టుడు, నంబర్ వినుడు. 31, 38, 47, 55, 52. 52 వచ్చిందంటే దాటినట్టు, వాపస్ 55. ఇగ ఎత్తు, అది ఇంకా సున్నితం, 55, 63, 66. చివరికి ఎల్‌ఎన్‌బీని దాని పట్టీల జర మెలి తిప్పితే 71 అయింది. ఈ ఎల్‌ఎన్‌బీ మెలిక సంగతి చాలమందికి తెలవదు, నిలువు అలలు, అడ్డం అలలు వేరుగ వస్తయి కాబట్టి దాని మెడ కూడా సరైన వాలుల ఉండాలె.

నట్లు బిగించేటప్పుడు ఒక పక్క మొత్తం బిగిస్తే డిష్ గుంజుకపోతది. నాకు 71 కెళ్లి 58కి పడ్డది, గుండె జారింది. అన్ని నట్లు తలా పావు చుట్టు బిగించుకుంట పోవాలె, బండి చక్రం నట్లు బిగించినట్టు. ఫైనల్ 70. తుమ్మ కంప తెచ్చి పోల్‌కు, డిష్ వెనక చేతికి చుట్టి బైండింగ్ వైరుతోటి కట్టిన. చేతులకు ముండ్లు గుచ్చుకున్నయి గాని మనసుకు మంచిగనిపిచ్చింది.

ఆ రాత్రి గంట సేపు వాన కొట్టింది. క్వాలిటీ 52కి దిగింది, బొమ్మ కదలలే.

ఆగస్టు, నాయిన కోసం రెండో డిష్

పని చేతికి వచ్చినంక ఊకె ఉండలేకపోయిన. ఎదురింటోళ్లు ఫైబర్ పెట్టుకుని పాత డిష్ స్లాబ్ మీద పడేసిన్రు, అడిగి తెచ్చుకున్న. దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ పెడదామని. 2004 డిసెంబర్‌ల మొదలైంది అది, నెల రీచార్జ్ లేదు, బాక్స్ ఒక్కసారి కొనుక్కుంటే అయిపాయె. కంపెనీ బాక్స్ దీనికి పనికిరాదు, వేరేది తెచ్చిన. సిగ్నల్ 93.5 డిగ్రీల తూర్పుల ఉన్న జీశాట్-15 కెళ్లి వస్తది, 2015 నవంబర్‌ల ఫ్రెంచ్ గయానా కెళ్లి ఎగిరేసిన శాటిలైట్.

నల్లగొండకు లెక్క కడితే ఉత్తరం కెళ్లి 139 డిగ్రీలు, అంటే ఆగ్నేయం మూల, ఎత్తు 64 డిగ్రీలు. అయితే ఈ డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, అంటే ఎల్‌ఎన్‌బీ నడిమిట్ల కాకుండ కింది దిక్కు ఉంటది, అందుకే మొఖం చూస్తే నలభై డిగ్రీలే చూస్తున్నట్టు కనవడతది, అది చూసి తప్పనుకుని పైకి లేపొద్దు. ఫోన్ కంపాస్ పోల్ పక్కన పెట్టి చూసిన, ఇనుముకు అది పిచ్చి లేసి వేరే దిక్కు చూపించింది. నాలుగడుగులు దూరం నిలబడి చూడాలె.

గురి అంతా బాగనే పెట్టినా క్వాలిటీ సున్నా. రెండు గంటలు. చివరికి ఎల్‌ఎన్‌బీ తిప్పి దాని మీద స్టిక్కర్ చదివిన, 10600 అని ఒక్క నంబరే ఉన్నది. ఫ్రీ డిష్‌ల నేను వెతికే ఫ్రీక్వెన్సీ 11090, ఇవన్నీ మెగాహెర్ట్జ్‌ల లెక్క. ఎల్‌ఎన్‌బీ చేసే పని తీసివేత, 11090ల కెళ్లి 10600 తీసేస్తే 490 మిగులుతది, బాక్స్ ట్యూనర్ చూసేదేమో 950 కెళ్లి పైకి. అంటే శాటిలైట్ పిలుస్తనే ఉన్నది, మా బాక్స్‌కు ఆ గొంతు వినపడేదే కాదు. 9750, 10600 రెండూ రాసి ఉన్న యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ తెచ్చి పెడితే 11090ల కెళ్లి 9750 పోయి 1340 మిగిలింది, పది నిమిషాలల్ల దొరికింది. డీడీ యాదగిరి రాంగనే నాయిన కుర్చీ ముంగటికి గుంజుకుండు. అమ్మ సీరియల్ అందుల రాదు, కాబట్టి కంపెనీ రీచార్జ్ అట్లనే నడుస్తున్నది. టీవీ రాని రోజుల పైసలు అడిగినం, ఇంతవరకు ఏం రాలే.

ఆగస్టు చివర

బజార్‌ల ఆ తమ్ముడు కలిసిండు, గుర్తుపట్టిండు. చాయ్ తాగుకుంట అడిగిన, ఎందుకు తమ్మీ నట్లు బిగించలే అని. "అన్నా, క్లోజ్ చేసిన కంప్లైంట్‌కు ఇంత అని ఇస్తరు, రోజుకు పద్నాలుగు ఉంటయి, నల్లగొండల ఒకటి, నకిరేకల్‌ల ఒకటి, పెట్రోల్ నాదే. బొమ్మ వస్తే దిగుడే." మరి బాక్స్ పోయిందని ఎందుకన్నవ్ అంటే నవ్విండు, బాక్స్ అమ్మితే వేరే ఇస్తరట. నాకు కోపం వచ్చింది గాని చాయ్ పైసలు నేనే ఇచ్చిన.

ఇంటికి పోతే తెలిసింది, కంపెనీ కెళ్లి రేటింగ్ ఫోన్ వచ్చిందట, సేవతో సంతృప్తి చెందితే ఐదు ఒత్తండి అని. అమ్మ ఐదు ఒత్తింది. ఏందమ్మా, చేసింది నేనైతే వాళ్లకు ఐదెందుకు అంటే, "ఆ పిలగాడు ముందే ఫోన్ చేసిండురా, ఆంటీ తక్కువ ఒత్తితే నా పైసలు కోస్తరు అని. పోనియ్, చిన్నోడు."

దసరాకు పోయినప్పుడు నట్లు ఇంకోసారి చూడాలె, తుమ్మ కంప ఎండిపోయి ఉంటది, కొత్తది కట్టాలె. కోతి ఇప్పుడు డిష్ జోలికి పోతలేదట, ట్యాంక్ మూత తీసి కింద పడేస్తున్నదట.